టెలిస్కోప్‌కి ల్యాప్‌టాప్ తగిలించాక: అపోహలు - వాస్తవాలు

వానలు వెళ్లిపోయి చలి మొదలైందంటే హైదరాబాద్‌లో ఆకాశం చూసేవాళ్లకి సీజన్ వచ్చినట్టే. ఆ నెలల్లో రాత్రి ఎనిమిది దాటితే నా ఫోన్‌కి, టెలిస్కోప్‌ని తిప్పడానికి తగిలించిన ల్యాప్‌టాప్ తెర ఫొటోలు వస్తుంటాయి, తెర మధ్యలో ఒక ఎర్రర్ మెసేజ్‌తో. మేడ మీదో, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లోనో, మబ్బు లేని రాత్రి ఒకటి దొరుకుతుంది. అందులో సగం ఆ ఎర్రర్‌తోనే గడిచిపోతుంది. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే నేను చూసినవాటిలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ తప్పులు కావు. పగలు ఇంట్లో పది నిమిషాలు కూర్చుంటే తేలిపోయేవి.

అపోహ: పనిచేయకపోతే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరి.

అందరూ మొదట చేసేది ఇదే. కొండ మీద సిగ్నల్ ఒక గీతే ఉన్నా, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి వందల ఎంబీల ఫైల్ దించుకుంటూ కూర్చుంటారు. కానీ స్టెల్లేరియం లాంటి ఆకాశ పటం ప్రోగ్రాములకి సెట్టింగుల ఫైల్ వేరేగా, మీ యూజర్ ఫోల్డర్‌లో ఉంటుంది. ప్రోగ్రామ్ పోయినా ఆ ఫైల్ మిగిలిపోతే పాత తప్పు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ముందు ఆ కాన్ఫిగ్ ఫైల్ పేరు మార్చి ప్రోగ్రామ్ తెరవండి, కొత్తది దానంతట అదే తయారవుతుంది. డిలీట్ మాత్రం చేయకండి, మీరు పెట్టుకున్న పాత సెట్టింగులు అందులోనే ఉంటాయి. తెరవగానే నల్ల తెర వస్తోందంటే చాలాసార్లు కారణం గ్రాఫిక్స్ డ్రైవర్. విండోస్ కొత్తగా వేయించాక ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ వేయకపోతే ఇలా అవుతుంది.

అపోహ: టైమ్, లొకేషన్ ల్యాప్‌టాప్‌కి తెలుసు, మనం చూడక్కర్లేదు.

కిందటి చలికాలం అనంతగిరిలో ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, గురుడి మీదకి పొమ్మంటే చెట్టు మీదకి పోతోంది. రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను" అన్నాడు. పాపం, గొంతులో టెన్షన్ తెలుస్తోంది. అమ్మానాన్నల్ని కూడా చూపిస్తానని తీసుకొచ్చాడు, వాళ్లు శాలువాలు కప్పుకుని కుర్చీల్లో ఎదురుచూస్తున్నారు. తెర కింది అంచున ఊరి పేరు చూశాను. ముంబై అని ఉంది.

స్టెల్లేరియంలో నెట్‌వర్క్ నుంచి లొకేషన్ తీసుకునే ఆప్షన్ ఒకటి ఉంది. అది ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామాని బట్టి ఊరిని ఊహిస్తుంది. కనెక్షన్ ముంబైలో నమోదై ఉంటే మీరూ ముంబైలో ఉన్నారనుకుంటుంది. ఈ అబ్బాయి అక్కడ కనిపించిన అక్షాంశ రేఖాంశాలనే మౌంట్ (టెలిస్కోప్‌ని మోస్తూ తిప్పే మోటార్ల స్టాండ్) డ్రైవర్‌లోనూ ఎక్కించాడు. అనంతగిరికీ ముంబైకీ రేఖాంశంలో తేడా దాదాపు 5 డిగ్రీలు. అంటే 10 నిండు చందమామల్ని పక్కపక్కన పేర్చినంత దూరం. ఆ ఆప్షన్ తీసేసి, రెండు చోట్లా సరైన అంకెలు వేసి, మళ్లీ గురుడి మీదకి పంపాం. ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) అంచున వెలుగు కనిపించింది. మొదట వాళ్లమ్మ చూశారు.

భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి గడియారంలో ఒక్క నిమిషం తప్పు పావు డిగ్రీ తప్పు అవుతుంది. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. మన టైమ్ గ్రీన్‌విచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు, కానీ కొన్ని పాత హ్యాండ్ కంట్రోలర్లు (మౌంట్‌ని నడిపే చేతి రిమోట్లు) పూర్తి గంటలే తీసుకుంటాయి. అర గంట వదిలేస్తే 7.5 డిగ్రీల తేడా. అలాంటివాటిలో టైమ్ జోన్ సున్నా పెట్టి, మన టైమ్‌లోంచి ఐదున్నర గంటలు తీసేసి వేయండి. తెల్లవారుజామున ఐదున్నర లోపు అయితే తేదీ కూడా ముందు రోజుది వేయాలి. డే లైట్ సేవింగ్ (కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరిపే పద్ధతి) అని అడిగితే ఆఫ్. అది ఆన్‌లో ఉండిపోతే నేరుగా 15 డిగ్రీలు పోతుంది. తేదీ అడిగినప్పుడు నెల ముందా, రోజు ముందా చూసుకోండి.

అంకెలు ఎక్కించేటప్పుడు జరిగే తప్పులు ఇంకో రెండు. హైదరాబాద్ అక్షాంశం 17.385 డిగ్రీలు. దాన్ని డిగ్రీలు-నిమిషాల్లో రాస్తే 17 డిగ్రీల 23 నిమిషాలు. చాలామంది 17, 38 అని కొడతారు. రేఖాంశం 78 డిగ్రీల 29 నిమిషాలు, తూర్పు. తూర్పు బదులు పడమర నొక్కితే జమైకా దగ్గర కరేబియన్ సముద్రంలో ఉన్నట్టు లెక్క. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. లినక్స్ నుంచి విండోస్‌కి మారినప్పుడు గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోవచ్చు, ఎందుకంటే లోపలి గడియారాన్ని లినక్స్ గ్రీన్‌విచ్ టైమ్‌గా, విండోస్ మన టైమ్‌గా చదువుతుంది.

అపోహ: కేబుల్ గట్టిగా దూరిందంటే కనెక్షన్ ఉన్నట్టే.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ అన్నదాని కింద చూడండి. పక్కన పసుపు త్రికోణం ఉంటే డ్రైవర్ ఎక్కలేదు, లేదా కేబుల్‌లోని చిప్ నకిలీది. చవక కేబుళ్లలో నకిలీ చిప్‌లు వస్తుంటాయి, కొత్త డ్రైవర్లు వాటితో పనిచేయవు. త్రికోణం లేకపోతే కామ్ 4, కామ్ 7 అని ఒక నంబర్ ఉంటుంది. నిన్న ఎడమ పక్క పోర్టులో పెట్టి, ఇవాళ కుడి పక్క పెడితే ఆ నంబర్ మారిపోవచ్చు. ప్రోగ్రామ్ మాత్రం నిన్నటి నంబర్ కోసమే వెతుకుతూ ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లో మౌంట్ పెట్టే పోర్ట్ మీద చిన్న ఎర్ర టేప్ ముక్క అంటించాను, కేబుల్ కొసకీ అదే రంగు. చీకట్లో, చలికి వేళ్లు బిగుసుకుపోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఒక కామ్ పోర్టుని ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే వాడగలదు. ఆకాశ పటం, గైడింగ్ ప్రోగ్రామ్ (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్ కదలికని సరిదిద్దేది) రెండూ మౌంట్‌తో మాట్లాడాలంటే మధ్యలో విండోస్‌లో యాస్కామ్, లినక్స్‌లో ఇండి లాంటి వ్యవస్థ కావాలి.

ఇది మాత్రం దయచేసి పట్టించుకోండి. మౌంట్ సాకెట్‌లోకి నేరుగా పెట్టే కేబుల్, హ్యాండ్ కంట్రోలర్‌కి పెట్టే సీరియల్ కేబుల్ చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ వోల్టేజీలు వేరు. సరిపోతోంది కదా అని మార్చి పెడితే బోర్డు కాలిపోవచ్చు. కొన్నవెంటనే రెండింటికీ పేర్లు రాసి అంటించండి.

అపోహ: మధ్యలో కనెక్షన్ తెగిపోతే అది సాఫ్ట్‌వేర్ బగ్.

నేనైతే ముందు బ్యాటరీ చూస్తాను. మౌంట్ వేగంగా తిరిగేటప్పుడు కరెంట్ ఎక్కువ లాగుతుంది. బ్యాటరీ బలహీనంగా ఉన్నా, ప్లగ్ వదులుగా ఉన్నా ఆ క్షణంలో వోల్టేజ్ పడిపోయి కంట్రోలర్ మళ్లీ మొదటికి వస్తుంది. తెర మీద మాత్రం "కనెక్షన్ పోయింది" అనే కనిపిస్తుంది. ఎప్పుడూ తిరిగేటప్పుడే తెగుతోందంటే అనుమానం పవర్ మీదే. కదలకుండా ఉన్నప్పుడు తెగుతోందంటే విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడకం లేని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపేయండి, స్లీప్ కూడా ఆపేయండి. కేబుల్ పొడవు కూడా చూడాలి. యూఎస్‌బీ 2కి 5 మీటర్లు దాటకూడదు, యూఎస్‌బీ 3కి 3 మీటర్ల లోపే మంచిది.

అపోహ: గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి.

అక్కర్లేదు. గ్రహాల వీడియో తీసేవాళ్లకి మాత్రం యూఎస్‌బీ 3, ఎస్ఎస్‌డీ ఉండాలి.

అపోహ: సిటీ వెలుతురులో ప్లేట్ సాల్వింగ్ కుదరదు.

కూకట్‌పల్లి మేడ మీద నుంచి నేను చాలాసార్లు చేశాను. కెమెరా తీసిన ఫొటోలోని చుక్కల అమరికని నక్షత్రాల కేటలాగ్‌తో పోల్చి, టెలిస్కోప్ సరిగ్గా ఎటు చూస్తోందో చెప్పడమే ప్లేట్ సాల్వింగ్. ఆ ప్లేట్ అన్న మాట గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటో తీసిన రోజులది. ఆ రోజుల్లో మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ కోసం అలాంటి పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. అప్పుడు మనుషులు కూర్చుని చేసిన పని ల్యాప్‌టాప్ ఇప్పుడు కొన్ని సెకన్లలో చేస్తోందని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

సాల్వ్ కాకపోతే వెలుతురుని అనే ముందు ఫోకస్ చూడండి. తర్వాత ప్రోగ్రామ్‌లో వేసిన ఫోకల్ లెంగ్త్ (టెలిస్కోప్ లెన్స్ లేదా అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం). పిక్సెల్ సైజు మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కి ఎన్ని ఆర్క్ సెకన్లో (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వస్తుంది. 650 ఎంఎం టెలిస్కోప్, 3.75 మైక్రాన్ల పిక్సెల్ అయితే సుమారు 1.19. రెండు రెట్ల బార్లో (ఫోకల్ లెంగ్త్ పెంచే లెన్స్) పెట్టి 650 అనే వదిలేస్తే లెక్క సగానికి సగం తప్పు. నక్షత్రాల డేటాబేస్ ఇంట్లోనే దించుకోండి, కొండ మీద నెట్‌ని నమ్ముకోవద్దు. సాల్వ్ అయ్యాక కూడా ప్రతిసారీ డిగ్రీలో మూడో వంతు పక్కకి పోతోందంటే, 2000 సంవత్సరపు కోఆర్డినేట్లకీ ఇవాళ్టి కోఆర్డినేట్లకీ మధ్య సెట్టింగ్ తారుమారైంది. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల వచ్చే తేడా అది.

పోలార్ అలైన్‌మెంట్‌కీ (మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు సరిగ్గా పెట్టడానికీ) ప్లేట్ సాల్వింగే సాయపడుతుంది. మనకి ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, పక్క అపార్ట్‌మెంట్ చాలు దాన్ని దాచేయడానికి. నీనా అనే ఆకాశ ఫొటోల ప్రోగ్రామ్‌లోని మూడు పాయింట్ల పద్ధతికి ధ్రువ నక్షత్రం కనిపించక్కర్లేదు, ఆకాశంలో వేరే పక్క మూడు చోట్ల ఫొటోలు తీసి లెక్క కడుతుంది.

అపోహ: నైట్ మోడ్ పెడితే కళ్లకి చాలు.

చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెర ఎర్రగా మారినా నలుపు అనుకున్న చోట కూడా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది, పైగా విండోస్ పెట్టెలు తెల్లగానే తెరుచుకుంటాయి. స్టేషనరీ షాపులో ఎర్ర జిలటిన్ కాగితం అడగండి. రెండు పొరలు తెర సైజుకి కత్తిరించి, పైఅంచుకి మాత్రమే టేప్ వేయండి. ఏదైనా సరిగ్గా చదవాలంటే ఒక పొర ఎత్తి చూసి మళ్లీ వదిలేయొచ్చు.