ఇంట్లో తీసిన ఫోటో ప్రింట్ ఎందుకు వెలిసిపోతుంది?

తెర మీద కళకళలాడిన ఫోటో కాగితం మీదికి వచ్చేసరికి చీకటిగా మారుతుంది, ముఖాలు ఎర్రబారతాయి. సరిచేసి మళ్లీ తీస్తే ఇంకో ఖరీదైన కాగితం దండగ. ఈ బాధకు మూలం పాతదే. ఇంకు చుక్కలను కాగితం మీద చిమ్మే ఇంక్‌జెట్ ప్రింటర్ పుట్టింది ఫోటోల కోసం కాదు.

1977లో జపాన్‌లోని కెనాన్ పరిశోధనశాలలో, ఇంకు నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ తగిలి ఇంకు చిమ్మింది. వేడి బుడగతో చుక్కను నెట్టే పద్ధతికి అదే నాంది. హెచ్‌పీ కూడా విడిగా అదే దారి పట్టి 1984లో థింక్‌జెట్ ప్రింటర్‌ను అమ్మింది. అది అక్షరాల యంత్రం. 1994లో ఎప్సన్ స్టైలస్ కలర్ అంగుళానికి 720 చుక్కలు వేయగలిగాక, ఇంట్లోనే ఫోటోలు ప్రింట్ తీసుకోవచ్చన్న ఆశ గట్టిపడింది.

అసలు దెబ్బ 2000లో తగిలింది. ఎప్సన్ స్టైలస్ ఫోటో 870, 1270 ప్రింటర్ల ప్రింట్లు ఏళ్ల తరబడి నిలుస్తాయని కొన్నవాళ్లలో కొందరికి వారాల్లోనే ఫోటోలు నారింజ రంగులోకి తిరిగాయి. అందరూ వెలుగునే అనుమానిస్తారు కదా, ఇక్కడ దోషి గాలిలోని ఓజోన్ అనే వాయువు. ఇంకు చప్పున ఆరాలని కాగితం పూతలో పెట్టిన సన్నటి రంధ్రాలే ఆ గాలిని రంగు దాకా చేర్చాయి. నీలం ఛాయనిచ్చే సయాన్ ముందు పోయింది, మిగిలింది నారింజ. నీళ్లలో కరిగే డై ఇంకు బదులు, కరగని రేణువులున్న పిగ్మెంట్ ఇంకుతో అదే ఏడాది ఎప్సన్ 2000పీ ప్రింటర్ వచ్చింది. అది నిలిచింది గానీ, బల్బు కింద బాగున్న నలుపు తెలుపు ఫోటో పగటి వెలుగులో ఆకుపచ్చగా కనిపించేది! తర్వాతి ఇంకుల్లో ఈ తేడా బాగా తగ్గింది.

రంగులు కలవకపోవడం వేరే కథ. తెర వెలుగును తానే ఇస్తుంది, కాగితం తన మీద పడ్డదాన్ని తిప్పి పంపుతుంది. ఈ రెంటికీ పొంతన కుదర్చడానికే 1993లో అంతర్జాతీయ కలర్ కన్సార్టియం ఏర్పడింది. కాగితానికీ ఇంకుకూ సరిపడే ప్రొఫైల్, అంటే ఏ రంగు ఎలా పడుతుందో చెప్పే ఫైలు, ఉంటే చాలావరకు కుదురుతుంది. అయితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్ (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామ్) రెండూ రంగులు దిద్దితే మొత్తం చెడుతుంది. ఒకదాంట్లో ఆపేయాలి. ఫోటో ల్యాబ్‌లో ఆపరేటర్ చూసుకున్న ఈ పని ఇంట్లోవాళ్ల నెత్తిన పడిందని ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నా దృష్టిలో అదే పెద్ద లోపం.

ప్రింటర్‌ను వాడకుండా వదిలేస్తే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు, అంటే నాజిళ్లు, ఎండిపోతాయి, శుభ్రం చేయడానికీ ఇంకే ఖర్చు. వారానికొక రంగుల పేజీ తీస్తే ఆ ముప్పు తగ్గుతుంది. ప్రింట్ తీసిన ఫోటోను ఒక రోజు బాగా ఆరనిచ్చి అద్దం వెనక పెడితే ఓజోన్ దాని దాకా అంత సులువుగా రాదు.