అపోహలు - వాస్తవాలు: పాదరసం పోస్తే మోటార్‌లో లాస్ పోతుందా?

"సార్, పాదరసం సూపర్‌కండక్టర్ కదా. కార్బన్ బ్రష్‌లు తీసేసి ఇది పోస్తే లాసే ఉండదంట."

కాకినాడలో ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ చూస్తాను. ఫైనలియర్ ప్రాజెక్టులు మొదలయ్యాయంటే ఎవరో ఒకరు జేబులో చిన్న సీసాతో వచ్చి ఈ మాటే అంటారు. లాస్ అంటే వేడిగా వృథా అయ్యే కరెంటు. బ్రష్‌లంటే మోటార్‌లో తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే కార్బన్ ముక్కలు.

సూపర్‌కండక్టివిటీ అంటే కరెంటుకి నిరోధమే లేకుండా పోవడం. 1911లో డచ్ శాస్త్రవేత్త కామర్లింగ్ ఆన్స్ దాన్ని మొదట చూసింది పాదరసంలోనే. కానీ మైనస్ 269 డిగ్రీల దగ్గర. పాదరసం మైనస్ 39కే గడ్డకట్టేస్తుంది. కారుతున్నంతసేపూ అది సూపర్‌కండక్టర్ కాదు. మన గది వేడిలో దాని నిరోధం రాగికంటే 50 రెట్ల పైనే.

సూపర్‌కండక్టర్, ద్రవలోహం రెండూ వాడే మెషీన్ ఒకటుంది, హోమోపోలార్ డీసీ మెషీన్. రోటార్‌లో కరెంటు దిశ మారకుండా ఒకేవైపు పారే రకం. కానీ అందులో సూపర్‌కండక్టర్ ఉండేది కదలని ఫీల్డ్ కాయిల్‌లో, అంటే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే తీగచుట్టలో. నియోబియం-టైటానియం తీగ, ద్రవ హీలియం చలిలో. తిరిగే రోటార్ మామూలు రాగే. వోల్టేజీ తక్కువ, కరెంటు వేల ఆంపియర్లు. అంత కరెంటు బ్రష్‌లతో లాగితే అరుగుదల, వేడి. అందుకే రోటార్ అంచుకీ కదలని స్టేటర్ రింగుకీ మధ్య సన్నటి సందులో ద్రవలోహం నింపుతారు. లాస్ తగ్గుతుంది గానీ పోదు. లోహం సుడులు తిరిగి వేడెక్కుతుంది, అయస్కాంత క్షేత్రం తోపుకి సందులోంచి బయటికి చిమ్ముతుంది. అసలు కష్టమంతా అక్కడే.

ఆ పోసేది కూడా ఎక్కువగా పాదరసం కాదు, సోడియం-పొటాషియం మిశ్రమం. నీళ్లు తగిలితే మండుతుంది. మన కోనసీమ తేమ గాలిలో మూత తీయడానికే లేదు. ఇక రొయ్యల చెరువు ఏరేటర్లకి ద్రవలోహం అమర్చి బిల్లు సగం చేస్తామంటే నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి. అవి ఇండక్షన్ మోటార్లు, వాటికి బ్రష్‌లే ఉండవు.

పాదరసం సంగతికే వస్తాను. ఓ వానాకాలం రాత్రి అమలాపురం వైపు నుంచి మా స్టూడెంట్ వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. ఇంట్లో ప్రయోగం, సీసా జారింది. "గచ్చంతా ముత్యాల్లా దొర్లుతున్నాయండీ, చీపురు తీసుకున్నాను."

"చీపురు వద్దమ్మా, ఇంకా చిన్న చుక్కలైపోతాయి. టెన్షన్ పడకండి, అసలు ప్రమాదం ఆవిరి పీలిస్తేనే. పిల్లల్ని బయటికి పంపండి, ఫ్యాను ఆపి కిటికీలు తెరవండి. గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టండి, పాదరసం బంగారాన్ని పట్టేస్తుంది."

పాత పెళ్లికార్డు రెండు ముక్కలు చేసి, చుక్కల్ని దగ్గరకి నెట్టి, గట్టి మూత ఉన్న సీసాలోకి ఎత్తించాను. సన్నవాటికి సెల్లోటేపు. టార్చి నేలబారుగా వేస్తే మంచం కోడు వెనక మరో మూడు మెరిశాయి.

"తూములో పోసేయమంటారా అండీ?" అన్నారు చివర్లో. వద్దన్నాను. ఆ తూము నీళ్లు వెళ్లేది డ్రెయిన్‌లోకి, డ్రెయిన్‌లోంచి చేపల్లోకి. ఆదివారం నేనే వెళ్లి సీసా తెచ్చుకున్నాను.