కళ్లజోడు లేని త్రీడీ: పనంతా తెరదే

మన రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. అందుకే ఒకే వస్తువు కుడికంటికి ఒకలా, ఎడమకంటికి కాస్త పక్కకు జరిగినట్టుగా కనిపిస్తుంది. ఆ తేడాను బట్టే మెదడు లోతును పసిగడుతుంది. ఒక్కో కంటికి ఒక్కో చదును బొమ్మ చూపిస్తే చాలు, లోతు దానంతట అదే పుడుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లో తన స్టీరియోస్కోప్ అనే పరికరంతో రుజువు చేశాడు. సినిమా హాల్లో ఇచ్చే కళ్లజోడు చేసేదీ ఇదే: ఏ కంటి బొమ్మను ఆ కంటికే చేరనివ్వడం.

కళ్లజోడు తీసేస్తే ఆ బాధ్యత తెర మీద పడుతుంది. మామూలు తెరలో పిక్సెల్ తన వెలుగును అన్ని వైపులకూ ఒకేలా వెదజల్లుతుంది. ఏ పిక్సెల్ వెలుగు ఏ దిక్కుకు వెళ్లాలో తేల్చగలిగితేనే అది త్రీడీ తెర అవుతుంది.

ఇందుకు తేలికైన దారిని అమెరికా ఆవిష్కర్త ఫ్రెడరిక్ ఐవ్స్ 1900ల తొలి ఏళ్లలోనే చూపించాడు. బొమ్మను నిలువు వరుసలుగా కోసి కుడికంటి వరుస, ఎడమకంటి వరుస మార్చి మార్చి పేర్చాలి. దాని ముందు నల్లటి గీతలు, మధ్యలో సన్నని చీలికలు ఉన్న పొర పెట్టాలి. చీలికలోంచి ఒక్కో కంటికి తన వరుసే కనిపిస్తుంది, రెండోది గీత చాటున ఉండిపోతుంది.

చెప్పినంత తేలికైతే కాదు. పిక్సెల్ వెడల్పు 0.1 మిల్లీమీటర్లు, చూసే దూరం 65 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ దూరం కళ్ల ఎడానికి పది రెట్లు. కాబట్టి పొరకూ పిక్సెళ్లకూ మధ్య ఖాళీ కూడా పిక్సెల్‌కు పది రెట్లు, అంటే 1 మిల్లీమీటరు ఉండాలి. గాలికి బదులు గాజు ఉంటే, వెలుగు వంగుతుంది కాబట్టి, సుమారు 1.5 మిల్లీమీటర్లు. ఇక చీలికకూ చీలికకూ మధ్య రెండు పిక్సెళ్ల దూరం, 0.2 ఉంటే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు! పొర కంటికి కాస్త దగ్గరగా ఉంది కాబట్టి 0.1997 ఉండాలి. ఇంత చిన్న తేడాను పట్టించుకోకపోతే అది చీలిక చీలికకూ పేరుకుంటూ పోతుంది. తెర మధ్య నుంచి ఆరున్నర సెంటీమీటర్లు జరిగేసరికి ఒక పూర్తి పిక్సెల్ తప్పుతుంది. అక్కడ కుడి ఎడమలు తారుమారై, మనిషి ముఖంలో ముక్కు లోపలికి దిగిపోయినట్టు కనిపిస్తుంది.

ఈ చిక్కును విప్పిన తీరు నాకు చాలా ఇష్టం. పొరను అంత కచ్చితంగా తయారు చేయలేకపోయినా ఫర్వాలేదు. తయారైన పొరను కొలిచి, దానికి తగ్గట్టు ఏ పిక్సెల్‌కు ఏ కంటి బొమ్మ ఇవ్వాలో సాఫ్ట్‌వేరే లెక్కగడుతుంది.

చీలికల పొర సగం వెలుగునైనా మింగేస్తుంది. అందుకే చాలా తెరల్లో దాని బదులు సన్నని నిలువు లెన్సుల పలక వాడతారు. ఏది వాడినా స్పష్టత తగ్గుతుంది. 2011లో వచ్చిన నింటెండో త్రీడీఎస్ అనే చేతి గేమ్ పరికరం పై తెరలో 800 నిలువు వరుసలున్నా ఒక్కో కంటికి దక్కేవి 400. పైగా తల కాస్త కదిపితే బొమ్మ చెదిరేది. 2014 మోడల్‌లో కెమెరాతో ముఖాన్ని గమనిస్తూ, అందుకు తగ్గట్టు బొమ్మను సర్దారు.

చుట్టూ నలుగురు నిలబడి చూడాలంటే రెండు దృశ్యాలు (ఒక్కో దిక్కు నుంచి చూస్తే కనిపించే బొమ్మలు) చాలవు, పదుల సంఖ్యలో కావాలి. 4కే తెరలో సుమారు 83 లక్షల పిక్సెళ్లుంటాయి. వాటిని 40 దృశ్యాలకు పంచితే ఒక్కోదానికి మిగిలేవి దాదాపు 2 లక్షలే. ఒక్కరే చూసే తెరకైతే కళ్లను వెంబడించే పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఇంత చేసినా ఒక ఇబ్బంది ఉంది. బొమ్మ తెర ముందుకు వచ్చినట్టున్నా కంటి ఫోకస్ మాత్రం తెర మీదే ఉండాలి. రెండు కళ్ల చూపులూ ఒక చోట కలుస్తాయి, ఫోకస్ మరో చోట నిలుస్తుంది. చాలామందికి తలనొప్పి వచ్చేది ఇక్కడే. కొన్ని మిల్లీమీటర్ల కంటిపాపలోకే రెండు మూడు వేర్వేరు దృశ్యాల వెలుగు పడేంత దట్టంగా దిక్కులను విడగొడితే ఫోకస్ కూడా బొమ్మ వెంటే వెళ్తుంది. దానికి ఇప్పటికంటే ఎన్నో రెట్లు చిన్న పిక్సెళ్లు కావాలి.