బూడిదరంగు పైపు: అమెరికా ఇళ్లలోకి పాలీబ్యూటిలీన్ ఎలా వచ్చింది, ఎందుకు తీసేయాలి

అమెరికాలో పాత ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ‘పాలీబ్యూటిలీన్’ (ఒక రకం ప్లాస్టిక్ నీటి పైపు) అన్న మాట కనబడితే ఇంటి ధర మళ్లీ మొదటి నుంచి లెక్క వేసుకోవాలి. ఈ పైపు ఉన్న ఇంటికి పాలసీ ఇవ్వని బీమా కంపెనీలున్నాయి. ఇచ్చినా నీటి నష్టాన్ని మినహాయించేవి మరికొన్ని. టెక్సస్, ఫ్లోరిడా, కరోలినాల్లో 1980లలో, 90ల మొదట్లో కట్టిన ఇళ్లలో ఈ పైపు బాగా వాడారు. డాలస్, షార్లెట్ చుట్టుపక్కల అలాంటి ఇళ్లు చూస్తున్న తెలుగువాళ్లు దీని చరిత్ర తెలుసుకుని తీరాలి. ఎందుకు చెడిందో తెలిస్తేనే ఎంతవరకు మార్చాలో తెలుస్తుంది.

రాగి పైపు ఖరీదు. అతకాలంటే టార్చ్, సోల్డర్, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. 1978 ప్రాంతంలో వచ్చిన పాలీబ్యూటిలీన్‌కు అవేవీ అక్కర్లేదు. చుట్టలుగా వస్తుంది, వంచినట్టు వంగుతుంది, లోపల నీళ్లు గడ్డకట్టినా రాగిలా చటుక్కున పగలదు. కోసి, అతుకు దూర్చి, రింగు బిగిస్తే పని అయిపోయినట్టే. 1995లో ఆగేలోపు కనీసం 60 లక్షల ఇళ్లలోకి చేరిందని అంచనా. పైపుకు ముడిసరుకైన రెసిన్‌ను షెల్ తయారుచేసింది. అతుకులకు వాడిన ఎసిటాల్ ప్లాస్టిక్ సెలనీస్, డ్యూపాంట్ సంస్థలది.

దెబ్బ కొట్టింది నీళ్లలోని క్లోరిన్. ఊరి నీటి సరఫరాలో సూక్ష్మక్రిములు చావడానికి కలిపే ఆ కొద్దిపాటి క్లోరినే ఏళ్ల తరబడి పైపు లోపలి గోడను ఆక్సీకరిస్తూ పోయింది. ప్లాస్టిక్‌లో రక్షణగా కలిపిన పదార్థం ముందు ఖర్చయిపోతుంది. ఆ తర్వాత లోపలి పొర పెళుసెక్కి పెచ్చులూడుతుంది, సన్నని పగుళ్లు పుడతాయి, అవి బయటివైపుకు పాకుతాయి. వేడినీళ్లలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. ఎసిటాల్ అతుకులకూ ఇదే గతి పట్టింది. దానికి తోడు రింగును అతిగా బిగించిన చోట అతుకు మీద ఒత్తిడి నిలిచిపోయి అక్కడే చిట్లింది. బయటి నుంచి చూస్తే మాత్రం పైపు కొత్తదానిలాగే ఉంటుంది. అసలు చిక్కు అదే.

లీకులు పెరిగాక, బిగించడంలోనే తప్పు జరిగిందని తయారీదారులు వాదించారు. చివరికి 1995లో టెనెసీ రాష్ట్రం ఓబియన్ కౌంటీ కోర్టులో, కాక్స్ వర్సెస్ షెల్ కేసులో రాజీ కుదిరింది. షెల్, హెక్స్ట్ సెలనీస్ కలిసి 95 కోట్ల డాలర్ల నిధి పెట్టాయి. క్లెయిములు తీసుకోవడం 2009లో ముగిసింది. ఇప్పుడు పైపు మార్చే ఖర్చంతా ఇంటి యజమానిదే. అందుకే ఆ ఖర్చు సంగతి అమ్మేవాళ్లతో బేరం ముగియకముందే తేల్చుకోవాలి.

ఇదే జాతి ప్లాస్టిక్‌ను వేరే అతుకులతో బ్రిటన్‌లో ఇప్పటికీ వాడుతున్నారు. కాబట్టి పాలీబ్యూటిలీన్ అన్న పేరొక్కటే నేరం కాదు. అమెరికాలో ఆ కాలంలో వేసిన పైపుల సంగతి వేరు. లీకైన చోట ముక్క కోసి కొత్తది అతికించడం నీళ్లు ఆపడానికి సరే, అంతకుమించి పనికిరాదు. మిగతా పైపంతా అవే నీళ్లు, అన్నేళ్లూ తాగినదే. మారిస్తే ఇల్లంతా మార్చాలి.

ముందు గుర్తుపట్టాలి. సింకు కింద చూసి ఊరుకోవద్దు. గోడలోంచి బయటికొచ్చే ముక్క రాగిదై, లోపలిదంతా పాలీబ్యూటిలీన్ అయిన ఇళ్లు చాలా ఉన్నాయి. వాటర్ హీటర్ దగ్గర, అటక మీద, మెయిన్ పైపు ఇంట్లోకి వచ్చే చోట వెతకండి. లోపల సాధారణంగా బూడిదరంగు, ఆరుబయట నీలం లేదా నలుపు ఉంటుంది. పెక్స్ అనే మరో రకం ప్లాస్టిక్ పైపులో కూడా బూడిదరంగుది ఉంది కనుక రంగును నమ్మకుండా పైపు మీది అక్షరాలు చదవాలి. ‘పీబీ2110’ అని ఉంటే అనుమానం లేదు.

బదులుగా ఎక్కువమంది వేసేది పెక్స్. దీన్ని వేడి క్లోరిన్ నీళ్లతో పరీక్షించే ప్రమాణం, ఏఎస్‌టీఎం ఎఫ్2023, 2000లో వచ్చింది. పైపు మీద ‘పెక్స్ 5306’ లాంటి అంకె ఉంటుంది. మొదటి 5 క్లోరిన్‌ను తట్టుకోవడంలో పై స్థాయి. రెండో అంకె 3 అంటే ఎండలో 6 నెలలు ఆగగలదని. అక్కడ 0 ఉంటే ఎండకు పరీక్షించలేదన్నమాట, చుట్టను పెరట్లో పడేయకూడదు.

మెయిన్ లైనుకు ముప్పావు అంగుళం, ఒక్కో కుళాయికి అర అంగుళం వేస్తారు. పని మొదలయ్యే ముందు ఎలక్ట్రిక్ హీటర్ బ్రేకర్ ఆపాకే నీళ్లు వదిలేయాలి. ఖాళీ ట్యాంకులో కరెంటుంటే ఎలిమెంట్ కాలిపోతుంది. పాత పైపును గోడలోంచి లాగనక్కర్లేదు, ఖాళీ చేసి వదిలేసి కొత్తది అటక మీదుగా దింపుతారు. హీటర్‌ను ఆనుకున్న మొదటి 18 అంగుళాలు పెక్స్ పనికిరాదు, రాగి వేయాలి. షవర్ వాల్వ్ నుంచి టబ్బు కుళాయికి కూడా అంతే. పెక్స్ లోపలి రంధ్రం చిన్నది కావడంతో నీళ్లు వెనక్కి తన్ని, టబ్బు నింపుతుంటే షవర్‌లోంచి కారతాయి.

రాగి రింగు పైపు చివరికి ఎనిమిదో వంతు నుంచి పావు అంగుళం దూరంలో ఉండాలి. ప్రతి బిగింపునూ గో-నోగో గేజ్‌తో (రింగు సరిగ్గా బిగిసిందో లేదో చెప్పే కొలత పనిముట్టు) చూడాలి. తప్పితే మళ్లీ నొక్కకుండా ఆ ముక్క కోసేసి కొత్త రింగు వేయాలి. 100 అడుగుల పెక్స్ ప్రతి 10 డిగ్రీల ఫారన్‌హీట్‌కు సుమారు అంగుళం సాగుతుంది, కాబట్టి 32 అంగుళాలకొక క్లిప్పు పెట్టినా పైపు కదిలేలా వదులుగా ఉండాలి. బిగిస్తే వేడినీళ్లు వదిలినప్పుడల్లా గోడలో టకటకమంటుంది. గోడలోని నిలువు చెక్కలో (స్టడ్) పైపు కోసం వేసిన రంధ్రం ఆ చెక్క అంచుకు 1¼ అంగుళం కన్నా దగ్గరైతే స్టీలు పలక కొట్టాలి, లేకపోతే రేపు పటం తగిలించే మేకు నేరుగా పైపులో దిగుతుంది. గోడలు మూయకముందే పైపుల్లో నీళ్లు నింపి, సిటీ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి.

చాలామంది మరిచిపోయేది మీటరు నుంచి ఇంటిదాకా భూమిలో ఉన్న లైను. లోపలంతా మార్చి దాన్ని వదిలేస్తే సగం పనే అయినట్టు. రెండు ప్లాస్టిక్‌ల గోడ మందం వేరు కాబట్టి పాత పైపుకు కొత్తది కలపాలంటే ఆ జతకోసమే చేసిన కప్లింగ్ కావాలి. భూమిలోది కారుతోందేమో చూడాలంటే ఇంటి మెయిన్ వాల్వ్ మూసి, మీటరు మూత తీసి, దాని ముఖం మీది చిన్న త్రికోణాన్ని పది నిమిషాలు గమనించండి. అది తిరుగుతుంటే నీళ్లు మట్టిలోకే పోతున్నాయి.