పదికి బయలుదేరి పదింపావుకు దిగిన విమానం

చిరంజీవులైన నా మనవలకు తాతయ్య ఆశీస్సులు.

నా టికెట్లు చూసి మీరు అడిగిన ప్రశ్న నాకెంతో నచ్చింది. పారిస్‌లో పదింటికి బయలుదేరిన విమానం లండన్‌లో పదింపావుకు దిగిందంటే పావుగంటే పట్టిందా అన్నారు. వెళ్లేటప్పటి టికెట్టు కూడా చూడండి. లండన్‌లో పదింటికి ఎక్కితే పారిస్‌లో పన్నెండుంపావు. రెండు ప్రయాణాలకూ పట్టింది గంటంపావే. లండన్ గడియారం పారిస్ కంటే గంట వెనక ఉంటుంది, అంతే.

అయితే సూర్యుణ్ని బట్టి చూస్తే ఈ రెండు ఊళ్ల మధ్య తేడా గంట కాదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. లండన్‌లోని గ్రీనిచ్ సున్నా డిగ్రీల రేఖాంశం దగ్గర ఉంది, పారిస్ దానికి తూర్పున రెండు డిగ్రీల పైచిలుకు. అంటే తేడా తొమ్మిది నిమిషాలే! 1940లో జర్మనీ సేనలు పారిస్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి గడియారాలను జర్మనీ వేళకు మార్చారు. యుద్ధం ముగిసినా ఫ్రాన్స్ ఆ వేళనే ఉంచుకుంది. ఒక యుద్ధం గుర్తు మన టికెట్టు మీద ఇప్పటికీ కనిపిస్తోందంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక దూరం. గ్లోబు మీద ఒక దారాన్ని లండన్ నుంచి పారిస్‌కు బిగించి పట్టుకోండి. ఆ దారం కొలత సుమారు 344 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో లెక్కవేస్తే పాతిక నిమిషాలు కూడా పట్టకూడదు. మరి మిగతా సమయం ఏమైనట్టు?

విమానం దారం వెంట పోదు. అది గాలికి ఎదురుగా పరుగెత్తి లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. లండన్‌లోని హీత్రూలో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. అక్కడ ఎక్కువ రోజులు పడమటి గాలి వీస్తుంది. అందుకని ఆగ్నేయాన ఉన్న పారిస్‌కు పోవలసిన విమానం ముందు పడమరకు లేచి, తర్వాత వెనక్కి మళ్లుతుంది. పారిస్‌లోనూ అదే గాలి ఉంటే, ఊరు దాటి తూర్పుకు వెళ్లి, తిరిగి వచ్చి దిగాలి. పైకి ఎక్కడానికి పదిహేను ఇరవై నిమిషాలు, దిగడానికి దాదాపు అంతే. పూర్తి వేగంతో పోయేది మధ్యలో కాసేపే. పైగా టికెట్టు మీది సమయం తలుపు మూసినప్పటి నుంచి విమానం ఆగే దాకా లెక్క. రన్‌వే వరకు నెమ్మదిగా నడవడం, వరుసలో వేచి ఉండడం కూడా అందులోనివే.

రైలు రెండు గంటల ఇరవై నిమిషాల్లో ఊరి నడుమ నుంచి ఊరి నడుమకు చేరుస్తుంది. 1994లో తెరిచిన 50 కిలోమీటర్ల సొరంగంలో, ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య ఉన్న సముద్రం అడుగున వెళుతుంది. విమానాశ్రయానికి వెళ్లే సమయం, తనిఖీల సమయం కలిపితే రైలే నయం.

అయినా ఒక్కసారి విమానంలో వెళ్లండి, పగటిపూట, కిటికీ పక్కన కూర్చోండి. 1909లో బ్లేరియో అనే ఫ్రెంచి ఆయన తాను తయారుచేసిన చిన్న విమానంలో ఆ సముద్రాన్ని దాని అతి ఇరుకైన చోట, ఫ్రాన్స్‌లోని కలే నుంచి ఇంగ్లండ్‌లోని డోవర్‌కు, సుమారు 37 నిమిషాల్లో దాటాడు. కింద కనిపించే నీళ్లు అవే.

మీ తాతయ్య