మూసీకి ఎగువన వదిలిన చోటు

హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడితే చాలు, ఒక అంకె మళ్లీ చర్చకు వస్తుంది. ఇక్కడి నాలాలు, అంటే వాన నీటిని మోసుకెళ్లే కాలువలు, చాలావరకు గంటకు 2 సెంటీమీటర్ల వానకే సరిపోతాయట. అంతకు మించితే నీళ్లు రోడ్డెక్కుతాయి. అది పాత వానల లెక్క. రాబోయే వాన ఎంతో తెలియనప్పుడు దేన్ని నమ్మి ఊరు కట్టాలన్న ప్రశ్న మాత్రం ఈ నగరానికి వందేళ్ల కిందటే ఎదురైంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి ఊరి మీద పడింది. 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కినవాళ్లు సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని ఆయన లెక్క తేల్చారు. షంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, అంటే 32 సెంటీమీటర్ల పైన కురిసింది. ఒకదాని నీరు మరోదానిలోకి పారే గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు తెగితే ఆ నీటి దెబ్బకు కింది కట్ట నిలవడం కష్టం.

ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరదను అక్కడే పట్టి, నది మోయగలిగినంతే కిందికి వదలాలన్నది ఆయన సూచన. గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నన్ను ఈ ఆలోచన ఇప్పటికీ ఆకట్టుకుంటుంది. నీటికి ముందే చోటు వదిలితే, అంచనా కొంత తప్పినా ఊరికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

అయితే ఆ రెండు జలాశయాలే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి. తాగునీటికైతే చెరువు నిండుగా ఉండాలి, వరదకైతే ఖాళీగా ఉండాలి. ఈ పేచీ నేటికీ తీరలేదు. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు రాకుండా 1996లో జీవో 111 వచ్చింది.

2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్లు కురిసింది. నాలాల విస్తరణకు ప్రణాళికలు తయారయ్యాయి, పనులు మాత్రం నత్తనడకన సాగాయి. 2020 అక్టోబర్‌లో ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. దాదాపు 1908 నాటి షంషాబాద్ వాన! ఆ రాత్రి నగరంలోని ‘పల్లె చెరువు’ కట్ట తెగి, కింద ఉన్న బస్తీని వరద ముంచెత్తింది. ఆ తర్వాతే నాలాల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలైంది.

ఇదే చిక్కును లండన్ మరోలా పట్టుకుంది. 1953 ఉప్పెన తర్వాత సముద్రపు నీరు ఊళ్లోకి ఎగదన్నకుండా థేమ్స్ నది మీద కట్టిన గేట్లు 1982లో పనిలోకి వచ్చాయి. సముద్రం ఎంత పెరుగుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు కాబట్టి, 2012లో 2100 దాకా వేసిన ప్రణాళికలో ఒకే దారికి కట్టుబడలేదు. నీటిమట్టం కొలుస్తూ ఉంటారు, ఫలానా గుర్తు దాటబోతుంటే ఫలానా పని మొదలుపెడతారు. అప్పటిదాకా ఆ పనికి కావలసిన నేలను కాపాడుకుంటారు.

మన దగ్గర కాపాడుకోవలసిన నేల గండిపేటకు పైనే ఉంది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69తో జీవో 111 నాటి ఆంక్షలు ఎత్తివేసింది. అక్కడ మట్టి పోయి కాంక్రీటు పరుచుకుంటే, అదే వానకు జలాశయాల్లోకి నీళ్లు ఎక్కువగా, త్వరగా వస్తాయి. గేట్లు ఎత్తేముందు మూసీ ఒడ్డున ఉన్నవాళ్లను ఖాళీ చేయించడానికి దొరికే గంటలు ఆ మేరకు తగ్గిపోతాయి.