రెండేళ్లకే ఊడిన అతుకు

మా ఇంటి పడమటి గోడకి, కిటికీ పక్కన, నా చేతులతో నేను వేసిన సిమెంట్ అతుకు ఈ వానల్లో ఒక రోజు పొద్దున్నే ఊడి కింద పడింది. పెచ్చులు పెచ్చులుగా కాదు, కాల్చిన అప్పడంలా ఒకే ముక్కగా. తిరగేసి చూస్తే దాని వీపుకి పాత ప్లాస్టరింగ్ కూడా గోరు మందాన అంటుకుని వచ్చేసింది. అంటే నా అతుకు గోడని వదల్లేదు, గోడనే పీక్కుని వచ్చింది. అతుకు మటుకు రాయిలా ఉంది, సుత్తితో కొడితే గానీ విరగలేదు.

కాకినాడలో 1994లో నాన్న కట్టించిన ఇల్లు ఇది. రెండేళ్ల కిందట అక్కడ పాత ప్లాస్టరింగ్ ఉబ్బి రాలిపోతే, చిన్న పనికి మేస్త్రీని పిలవడమెందుకని నేనే కూర్చున్నాను. మళ్లీ ఊడకుండా గట్టిగా ఉండాలని రెండు పాళ్ల ఇసుకకి ఒక పాలు సిమెంట్ కలిపాను. పక్కింట్లో టైల్స్ పనికి వచ్చిన పెద్దాయన గోడ అవతలి నుంచి ఆ ఊడిన ముక్కని చూసి, "ఎంతకెంత కలిపారండీ?" అని అడిగారు. చెప్పాను. "అంత బలం ఎందుకండీ బాబూ, కాటన్ దొర ఆనకట్టేమైనా కడుతున్నారా?" అన్నారు. నవ్వేశాను గానీ, తర్వాత గుర్తొచ్చింది: 1852 నాటికి పూర్తయిన ఆ ధవళేశ్వరం ఆనకట్టని కట్టింది సున్నంతోనే.

సిమెంట్ ఎక్కువ వేస్తే గోడకి బలం అనేది మనలో చాలామందికి ఉన్న నమ్మకం. ముక్కకి బలం, నిజమే. గోడకి కాదు. సిమెంట్, నీళ్లు కలిసి గట్టిపడ్డాక, మిగిలిన నీరు నెమ్మదిగా ఆరిపోతుంటే ఆ ముద్ద కుంచించుకుపోతుంది. ఇసుక కుంచించుకోదు, అది రాయి కాబట్టి. అందుకని మాలులో (ఇసుక, సిమెంట్, నీళ్లు కలిపిన ముద్దలో) సిమెంట్ పాలు పెరిగేకొద్దీ ఆ కుంచించుకోవడమూ పెరుగుతుంది. అతుకు లోపలికి ముడుచుకోవాలని చూస్తుంది, వెనకున్న ముప్పై ఏళ్ల పాత గోడ ఎప్పుడో ముడుచుకోవడం అయిపోయి కదలకుండా కూర్చుంది. రెండూ అంటుకున్న చోటు ఆ లాగుడంతా భరించాలి. దీనికి తోడు ఎండ: పడమటి గోడ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కాలి, రాత్రికి చల్లారి, రోజూ కొంచెం సాగి కొంచెం ముడుచుకుంటుంది. మెత్తటి మాలు ఆ కదలికకి సర్దుకుంటుంది, బిర్రబిగిసిన మాలు సర్దుకోదు. చివరికి రెండిట్లో బలహీనమైనదే తెగుతుంది. నా విషయంలో తెగింది పాత ప్లాస్టరింగ్.

ఇదే కథ చాలా పెద్ద ఎత్తున హైదరాబాద్‌లో జరిగింది. గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధులకి ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరుతో సిమెంట్ పూసేశారు. లోపల సున్నం గోడ, పైన సిమెంట్ తొడుగు. 2013లో పాత కట్టడాల్ని బాగుచేసే ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ అక్కడ పని మొదలుపెట్టాక చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి ఆ సిమెంట్‌ని గీకి తీసేసి, మళ్లీ పాత పద్ధతిలో సున్నపు గచ్చు పూత వేయడం. 1591 నాటి చార్మినార్ మీది అలంకారం చాలా మటుకు ఈ గచ్చు పనే. 2019 మే నెలలో ఒక మీనార్ నుంచి అందులో ముక్క ఊడి పడితే ఊరంతా టెన్షన్ పడింది. అలాంటిచోట సిమెంట్ పూసి చేతులు దులుపుకోవడం కుదరదు.

సున్నానికి సిమెంట్‌కి లేని ఓపిక ఉంది. సున్నపురాయినో, మన కోస్తాలో అయితే గుల్లలనో, దాదాపు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) బయటికి పోతుంది. నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి తడిసున్నం అవుతుంది. గోడకి పూశాక అది గాల్లోంచి ఆ పోగొట్టుకున్న వాయువునే మళ్లీ కొంచెం కొంచెం తీసుకుని, నెలలూ సంవత్సరాలూ పట్టించి, మళ్లీ రాయిగా మారుతుంది. ఈలోపు గోడ కొంచెం కదిలినా సర్దుకుంటుంది. వెంట్రుక మందం చీలిక వచ్చినా వాననీటిలో కరిగిన సున్నం ఆ సందులోకి చేరి గట్టిపడి దాన్ని పూడుస్తుంది కూడా. ఎడ్లతో గానుగ తిప్పి మాలు నూరి, అందులో కరక్కాయ, బెల్లం నీళ్లు పోసేవాళ్లని పెద్దవాళ్లు చెప్పే మాటలు వట్టి కబుర్లు కావు. అయితే ఇది చదివి సిమెంట్‌లో బెల్లం వేసేరు, జాగ్రత్త. చిటికెడు తీపి కలిసినా సిమెంట్ గంటల తరబడి గట్టిపడదు.

సరే, మా గోడ సున్నపు గోడ కాదు. దానికి కావలసింది పాత ప్లాస్టరింగ్ కంటే గట్టిగా లేని, దానికి దగ్గర్లో ఉండే మాలు. కానీ మాలు కలిపే ముందు ఇంకో ప్రశ్న ఉంది, రెండేళ్ల కిందట నేను అసలు వేసుకోనిది: పాతది ఎందుకు ఊడింది?

దీనికి జవాబు కోసం వానలో గొడుగేసుకుని గోడ ముందు నిలబడ్డాను. వీధిలో పోయేవాళ్లు వింతగా చూశారనుకోండి. కిటికీ మీది సన్‌షేడ్ అంచు దాకా వచ్చిన నీళ్లు కింద పడకుండా, అంచు తిరిగి, అడుగు భాగాన్ని పట్టుకుని తలకిందులుగా పాకుతూ గోడ దాకా వచ్చి, అక్కడి నుంచి తీరిగ్గా కిందికి జారుతున్నాయి. సరిగ్గా ఆ ఊడిన చోటికి. నీటికి ఈ అలవాటుంది. గ్లాసులోంచి నెమ్మదిగా వంపితే ధార కింద పడకుండా గ్లాసు ఒంటిని పట్టుకుని కారుతుంది చూడండి, అదే. ఇలా జరక్కూడదనే మేస్త్రీలు సన్‌షేడ్ అడుగున, అంచుకి కాస్త ఇవతలగా, పొడవునా ఒక గాడి పెడతారు. పాకుతూ వచ్చిన నీటి బొట్టు ఆ గాడి దగ్గర పట్టు తప్పి కింద పడిపోతుంది. మా సన్‌షేడ్‌కీ ఆ గాడి ఉంది, ఉండేది. మూడుసార్లు వేసిన రంగులూ లప్పమూ కలిసి దాన్ని పూడ్చేశాయి. స్క్రూడ్రైవర్‌తో గంటసేపు గోకితే బయటపడింది. ఈ మొత్తం రిపేర్‌లో అన్నిటికంటే పనికొచ్చిన గంట అదే, దానికి సిమెంట్ ఒక్క గరిటె కూడా అక్కర్లేకపోయింది.

గోడలోకి వెళ్లిన నీరు ఊరికే ఉండదు. ఇటుకలోని, ఇసుకలోని ఉప్పుల్ని కరిగించుకుని బయటికి వస్తుంది. మాది సముద్రపు ఊరు, గాలిలోనే ఉప్పు. నీరు ఆవిరైపోయాక ఉప్పు స్ఫటికాలు మిగులుతాయి. అవి పైన తెల్లగా పూస్తే పర్లేదు, పొడి బ్రష్‌తో దులిపేయొచ్చు (నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది). కానీ పైన నీటి ఆవిరి దాటలేని రంగు పొర ఉంటే, ఆ స్ఫటికాలు పొర వెనకాల, సన్నటి రంధ్రాల్లో పెరుగుతూ చుట్టూ ఉన్నదాన్ని నెట్టేస్తాయి. రంగు బుడగలు కట్టేదీ, ప్లాస్టరింగ్ పిండిపిండిగా రాలేదీ అందుకే. చెమ్మ గోడకి వాటర్‌ప్రూఫ్ రంగు వేయడం పైన పటారం లోన లొటారం.

ఇక ఎంత మేర పాడైందో కనిపెట్టడం. కుండ కొనేటప్పుడు వేళ్లతో తట్టి ఖంగుమంటేనే కొంటాం కదా, గోడనీ అలాగే తట్టాలి, సుత్తి పిడితోనో రూపాయి బిళ్లతోనో. గోడని పట్టుకుని ఉన్న ప్లాస్టరింగ్ దెబ్బని ఇటుకల్లోకి పంపించేస్తుంది, టక్కుమని పొట్టి శబ్దం వస్తుంది. వెనక ఖాళీ వచ్చినచోట ఆ పొర డప్పు తోలులా స్వేచ్ఛగా ఊగి డబ్‌డబ్‌మంటుంది. కంటికి జానెడు కనిపించిన దెబ్బ మా గోడకి చెవి పెట్టి తడితే రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు తేలింది. శబ్దం మారిన చోటల్లా సుద్దముక్కతో గీసుకుంటూ వెళ్తే ఏ ద్వీపం మ్యాపో గీసినట్టు వస్తుంది.

అన్ని పగుళ్లూ మనం సొంతంగా బాగుచేసేవి కావు, ఇక్కడ కాస్త జాగ్రత్త. సాలెగూడులా అల్లుకున్న వెంట్రుక పగుళ్లు పూతలోవే, భయం లేదు. స్లాబ్ కిందనో బీమ్ కిందనో అడ్డంగా గీత గీసినట్టు వచ్చేది వేడి తెచ్చిన పగులు: పది మీటర్ల కాంక్రీట్ 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, దాని కింది ఇటుక అందులో సగమే సాగుతుంది. అక్కడ అతుకు వేసేముందు కోళ్ల జాలీ (సన్నటి ఇనప తీగల వల) కొట్టకపోతే మళ్లీ వస్తుంది. ఇటుకల వెంట మెట్లు మెట్లుగా ఐమూలగా పాకిన పగులు, రూపాయి బిళ్ల అంచు దూరేంతది, నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో తరచూ కనిపిస్తుంది. ఆ మట్టి వానకి ఉబ్బి ఎండకి ముడుచుకుంటుంది, పునాది దాంతోపాటు ఊగుతుంది. పగులు కొసలో పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసి ఉంచండి, కొన్ని నెలల్లో గీత దాటితే ఇంజనీర్‌కి చూపించండి. సన్‌షేడ్ అడుగున పెచ్చు ఊడి తుప్పు పట్టిన ఊచ కనిపించినా అంతే. తుప్పు ఇనుము కంటే రెండు మూడు రెట్లకు పైనే చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, పైన ఎంత పూసినా లోపల్నుంచి తోసేస్తూనే ఉంటుంది. నిచ్చెన ఎక్కి పై అంతస్తు గోడ మీద పని చేయాలన్న ఉబలాటం కూడా మానుకోండి.

మా ద్వీపానికి వస్తే, డబ్‌డబ్‌మన్నదంతా ఉలీ సుత్తీతో కొట్టేశాను. అంచులు పల్చగా వదిలేయకుండా నిటారుగా చెక్కాలి, పల్చటి అంచులే ముందు లేస్తాయి. ఇటుకల మధ్య సందులు గోరంత లోతుగా గీరితే కొత్త మాలు పళ్లు పెట్టి పట్టుకుంటుంది. దుమ్ము మీద ఏ మాలూ అంటదు, పళ్లు తోమినట్టు బ్రష్‌తో తోమి కడిగాను. ముక్కుకి మాస్క్ కట్టుకోండి, ఆ దుమ్ము మంచిది కాదు. చేతులకి గ్లోవ్స్ కూడా, తడి సిమెంట్ చర్మాన్ని నెమ్మదిగా కాలుస్తుంది, నొప్పి తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

ఇసుక దగ్గర నాకు తెలియని తమాషా ఒకటి బయటపడింది. కొద్దిగా తడిసిన ఇసుకలో గింజల చుట్టూ నీటి పొర ఏర్పడి గింజల్ని ఎడంగా నెడుతుంది, దాంతో ఇసుక 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బుతుంది. బాగా ఎండినా, పూర్తిగా నానినా మామూలుగానే ఉంటుంది. వానాకాలంలో గమేళాతో కొలిచి "నాలుగుకి ఒకటి" అనుకున్నది నిజానికి మూడుకి ఒకటే అయి కూర్చుంటుందన్నమాట. నా పాత "రెండుకి ఒకటి" ఎంతకి పడిందో ఆలోచించడం మానేశాను. ఇసుకలో బంకమట్టి ఎంతుందో చూడ్డానికి సగం సీసా ఇసుక, ముప్పావు దాకా ఉప్పునీళ్లు పోసి ఊపి కొన్ని గంటలు వదిలేస్తే, ఇసుక మీద వేరే పొరగా మట్టి పేరుకుంటుంది. ఇసుక ఎత్తులో అది 8 శాతం మించితే ఆ ఇసుక వద్దు.

ఈసారి అయిదుకి ఒకటి కలిపాను. ఆరు చదరపు అడుగులకి, ఒకటిన్నర సెంటీమీటర్ మందానికి పట్టింది 10 లీటర్ల ఇసుక, 2 లీటర్ల సిమెంట్, అంటే మూడు కిలోల లోపే. దీనికోసం 50 కిలోల బస్తా కొని మిగిలింది మెట్ల కింద పెట్టి గడ్డకట్టించేవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. హార్డ్‌వేర్ షాపులో కిలోల లెక్కన ఇస్తారు. కలిపిన మాలు అరగంటలో అయిపోవాలి, గట్టిపడుతోందని మళ్లీ నీళ్లు పోసి తిప్పితే అప్పటికి ముడిపడినదంతా విరిగిపోతుంది.

పొడి ఇటుక స్పాంజి లాంటిది, మాలులో నీళ్లని లాగేస్తుంది, అప్పుడు సిమెంట్‌కి గట్టిపడ్డానికే నీళ్లు మిగలవు. అందుకని ముందు రోజు రాత్రే గోడని బాగా తడిపి, పొద్దున్న తడి మెరుపు పోయి చల్లగా మాత్రమే ఉన్నప్పుడు మొదలుపెట్టాను. పడమటి గోడ కాబట్టి మధ్యాహ్నం దాకా నీడే. మొదటి కోటు కాస్త మందంగా తాపీతో విసిరి కొట్టాను (సగం నా కాళ్ల మీదే పడింది), చదును చేసి, మెత్తగా ఉండగానే మేకుతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టి, మర్నాడు దాని మీద పల్చటి రెండో కోటు. ఒకేసారి మందంగా వేస్తే తన బరువుకి తనే జారుతుంది. తర్వాత తడి గోనె సంచి కట్టి ఏడు రోజులు, ఎండెక్కే వేళకి ఒకటికి రెండుసార్లు తడిపాను. సిమెంట్ ఆరి గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. అది మరిచిపోయి "ఆరిపోయిందిగా" అని వదిలేస్తే పైన పొర గోకితే పొడి రాలుతుంది.

నెల దాకా రంగు వేయను. కొత్త ప్లాస్టరింగ్‌లో క్షారం ఎక్కువ, రంగులోని జిగురుని తినేస్తుంది. దాంతో ఇప్పుడు గోడ మీద బూడిద రంగు చదరం ఒకటి వీధిలోకి కనబడేలా ఉంది. అమ్మ రోజూ కాఫీ గ్లాసుతో వచ్చి చూసి, "నలుగురూ నవ్వుతున్నార్రా, ఒక కోటు వేసేయకూడదూ" అంటుంది. నిన్న ఆవిడ గ్లాసు తీసుకుని దాని అంచుతో తట్టి చూపించాను. టక్కుమంది. "అయితే?" అని లోపలికి వెళ్లిపోయింది.